చర్చ: దూబగుంట, కారంచేడు, ఈదుమూడి – రాజ్యాంగాన్ని కదిలించింది ఎవురు?

పెన్నాగట్టు
అందరికీ నమస్కారం. మా మేనకోడలు నెల్లూరులో లా మూడో ఏడు చదువుతా ఉంది. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవానికి కాలేజీలో వ్యాసరచన పెట్టారంట. అంశం "రాజ్యాంగ విప్లవంలో అట్టడుగు సామాజిక ఉద్యమాల పాత్ర". పాప ఫోన్లో వెతుక్కొని దక్షిణాఫ్రికా, చిలీ అంటా నాలుగు పేజీలు నింపేసింది. బాగానే రాసింది. నేను చదివి, "ఏందమ్మా, మన పక్క ఒక్కటీ దొరకలేదా?" అన్నా. "మన పక్క ఏముంది మామా, రొయ్యల గుంటలు తప్ప" అనింది. నాకు రోషం వచ్చింది గానీ వెంటనే జవాబు తోచలా. పొట్టి శ్రీరాములు పేరొక్కటి చెప్పి ఊరుకున్నా.

మీకు తెలిసింది రాయండి. నెల్లూరు, ప్రకాశం రెండూ కలిపే మాట్లాడుకుందాం.

మూలపేట మాస్టారు
శ్రీరాములుగారిని ఒక్క పేరుతో తేల్చేశారేమిటండీ. అసలు రాజ్యాంగం అమల్లోకొచ్చాక దాని నిర్మాణాన్నే కదిపిన మొదటి ప్రజా ఉద్యమం ఆంధ్రోద్యమం. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో దీక్ష మొదలుపెట్టారు, డిసెంబరు 15 రాత్రి పోయారు. నాలుగు రోజులకి నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. ఆ డిసెంబరులోనే రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంగతి చూడమని ఫజల్ అలీ కమిషన్ వేశారు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం, దాంతోపాటే ఏడో రాజ్యాంగ సవరణ. అప్పటిదాకా పార్ట్ ఏ, పార్ట్ బీ, పార్ట్ సీ అని రాష్ట్రాల్లో తరగతులుండేవి. అవన్నీ పోయాయి. దేశపటం మొత్తం మారిపోయింది. ఇంతకంటే రాజ్యాంగ విప్లవం ఏం కావాలి?

మనవాళ్ళు మరిచిపోయేది ఇంకోటుంది. 1946లో ఆయన మా మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. రాష్ట్రం కోసం చేసినదాన్ని అందరూ చెప్తారు, గుడి దీక్ష సంగతి మా వీధిలోనే సగం మందికి తెలీదు.

ఒంగోలు గిత్త
మాస్టారూ, ఆయన 56 రోజులు దీక్ష చేశారని చదువుకున్నాం. రోజుల లెక్క కూడా రాయండి, పాప మార్కులు పోతాయి.

మూలపేట మాస్టారు
వేళ్ళు మడిచి లెక్కెట్టుకో నాయనా. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. 58.

లా పాయింట్
నేను ఒంగోలులో ప్రాక్టీసు చేస్తాను. అంశంలోనే ఒక తిరకాసు ఉంది, పాపకి ముందు అది చెప్పండి. "రాజ్యాంగ విప్లవం" అంటే పాత పుస్తకం చించేసి కొత్తది రాసుకోవడం అని చాలామంది అనుకుంటారు. చిలీ అలాగే మొదలైంది. 2019లో జనం రోడ్డెక్కారు, కొత్త రాజ్యాంగం రాసే సభని సాధించుకున్నారు. తీరా 2022 సెప్టెంబరులో ఆ ముసాయిదాని అదే జనం ఓట్లేసి తిరస్కరించారు. 2023 డిసెంబరులో రెండోదాన్నీ తిరస్కరించారు. ఇంతా చేసి పాత పుస్తకమే మిగిలింది.

రెండో రకం విప్లవం పుస్తకంలో అక్షరం మారకుండా జరుగుతుంది. పదం అదే, అర్థం మారుతుంది. మన ప్రాంతం ఈ రెండో రకంలో గట్టిది. మాస్టారు చెప్పింది మాత్రం మొదటి రకానికి దగ్గర, అక్కడ సవరణే జరిగింది.

కలిగిరి కుర్రోడు
సారా మీద ఆడోళ్ళు తిరగబడిన దూబగుంట పేరు ఎవురూ ఎత్తలేదేందబ్బా! మాది కలిగిరి పక్కనే, దూబగుంట మాకు కూతవేటు. నేను చూసింది చెప్తా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అక్షరదీపం అని రాత్రి బడి పెట్టినారు. మా వీధిలో యాపచెట్టు కింద హరికేన్ లాంతరు, పలకలు, పది పన్నెండు మంది ఆడోళ్ళు. మా అమ్మ పగలంతా కూలికి బొయ్యి వచ్చి, అన్నం వండి, నన్నూ మా చెల్లినీ పక్కన కూర్చోబెట్టుకోని అక్షరాలు దిద్దేది. ఆమెకి 'ఝ' రాలేదు, ఇప్పటికీ రాదు. ఆ చదువులో సీతమ్మ అని ఒకామె కథ ఉండేది. మొగుడి తాగుడు భరించలేక చచ్చిపోతుంది. పాఠం చెప్పే పిల్లోడు చదివి ఊరుకున్నాడు. ఆడోళ్ళు ఊరుకోలా. "ఇది మన ఎంకటమ్మ కథే గదా", "కాదు, నాదే" అని మొదలైంది. ఆ రాత్రి ఎవురూ పలక పట్టలేదు.

ఆనాటి సారా ఎట్టుండేదో ఇప్పటి పిల్లకాయలకి తెలీదు. ప్రభుత్వమే వారుణివాహిని అని పేరు పెట్టి ప్యాకెట్లలో అమ్మించింది. పాలప్యాకెట్ల మాదిరి ఇంటి గుమ్మం దాకా వచ్చేది. దూబగుంటలో రోశమ్మ వాళ్ళు కొట్టు మూయించినారని తెలిసినాక మా ఊళ్ళో కూడా కదిలినారు. జీపు వచ్చే దోవలో అడ్డం కూర్చున్నారు. చేతుల్లో చీపుర్లు, కొంగులో కారప్పొడి మూట. మా అమ్మ కొంగు విప్పితే మూడు రోజులు ఘాటు పోలేదు, అన్నం తినిపిస్తా కళ్ళు తుడిస్తే మా చెల్లి గుక్కపెట్టి ఏడిచింది.

తర్వాత కలెక్టరుకి అర్జీ రాసినారు. అందులో మా అమ్మ సంతకం ఉంది. వేలిముద్ర కాదు, సంతకం. జన్మలో మొదటిది అదే.

కందుకూరు రమ
కలిగిరి తమ్ముడూ, చదువుతుంటే ఆ లాంతరు వాసన వచ్చింది.

దీనికి నేను రాజ్యాంగం ముక్క కలుపుతా. 47వ అధికరణంలో మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని 1950 నుంచీ రాసే ఉంది. ఆదేశిక సూత్రం. కోర్టుకెళ్ళి "అమలు చెయ్యండి" అని అడగలేం. అంటే అలమారలో పెట్టిన పట్టుచీర. దాన్ని బయటికి తీసింది ఢిల్లీ కాదు, మన జిల్లా కూలి ఆడవాళ్ళు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం మాటిచ్చి గెలిచారు, 1995 జనవరి నుంచి అమలు. 73వ సవరణలో ఆడవాళ్ళకి పంచాయతీల్లో మూడోవంతు సీట్లు వచ్చింది కూడా దూబగుంట పుణ్యమే.

లా పాయింట్
రమగారూ, చివరి వాక్యం దగ్గర ఆగండి. 73వ సవరణ పార్లమెంటులో 1992 డిసెంబరులో పాసైన మాట నిజం, అమలు 1993 ఏప్రిల్ 24. కాలం కలిసింది గానీ కారణం కలవలేదు. 1989లోనే 64వ సవరణ బిల్లుగా తెచ్చారు, అది రాజ్యసభలో పడిపోయింది. పాప అలా రాస్తే పరీక్షకుడు ఎర్రసిరా పెడతాడు. "సారా ఉద్యమంలో నోరు విప్పిన ఆడవాళ్ళకి సర్పంచి సీటు కూడా అందే రోజులు అప్పుడే వచ్చాయి" అని రాసుకోవచ్చు. అంతవరకే.

బదులుగా ఇది రాయమనండి. నిషేధ చట్టం మీద మద్యం కంపెనీలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 1996లో మెక్‌డోవెల్ కేసు. కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. శాసనసభ చేసిన చట్టం "అసమంజసంగా ఉంది" అని ఊరికే కొట్టేయడం కుదరదు, చేసే అధికారం సభకి లేకపోవాలి, లేదా ప్రాథమిక హక్కులాంటి రాజ్యాంగ నిబంధన ఏదో దెబ్బతినాలి అని చెప్పింది. లా కాలేజీల్లో ఈ తీర్పుని ఇప్పటికీ చెప్తారు. దాని వెనకాల కొంగున కారప్పొడి కట్టుకున్న ఆడవాళ్ళున్నారని మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

కందుకూరు రమ
సరే, ఒప్పుకున్నా. తీసేయమనండి.

ఒంగోలు గిత్త
అంతా బాగుంది గానీ ఆఖరికి మిగిలిందేంది? 1997లో నిషేధం ఎత్తేశారు. రెండేళ్ళకే. దీన్ని విప్లవం అంటే ఎట్టా? పాలపొంగు అనండి.

కలిగిరి కుర్రోడు
అది నిజమే అన్నా, కాదన్ను. మా ఊరి బస్టాండు కాడ బ్రాందీ షాపు వచ్చిన రోజు మా అమ్మ ఏమీ అనలా. దోవ మార్చి ఇంకో సందులోంచి నీళ్ళకి పొయ్యేది. అంతే.

కాకపోతే ఒకటి. సారా మానినాక మిగిలిన డబ్బుతో రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టినారు. పొదుపులక్ష్మి. అది మన జిల్లాలోనే పుట్టింది.

ఉదయగిరి దుర్గం
ఆ పొదుపే ఉద్యమాన్ని మింగేసింది అంటా నేను. కారప్పొడి పట్టుకున్న చేతికి పాసుపుస్తకం ఇచ్చినారు. కొట్టు మూయించే ఆడోళ్ళు అప్పు వాయిదా కట్టే ఆడోళ్ళయినారు. ఆఫీసర్లు మీటింగ్ అంటే పోవాల, పెద్దోళ్ళు సభ పెడితే బస్సెక్కాల. మా అత్త గ్రూపు లీడరు, అడగండి చెప్తది. ప్రభుత్వాలకి కోపంగా ఉండే సంఘం కంటే బాకీ ఉండే సంఘం సుఖం.

కందుకూరు రమ
దుర్గం అన్నా, అంత తేలిగ్గా కొట్టేయకు. మా అమ్మాయి నర్సింగ్ చదివింది ఆ గ్రూపు అప్పుతోనే. బాకీ ఉన్నా బుర్ర ఉంది మాకు.

ఉదయగిరి దుర్గం
అక్కా, నీ మాట కాదనను. నేననేది ఒక్కటే, ఉద్యమం పోయినాక సంఘం ఎవురి చేతిలో ఉందనేది చూడాల.

చీరాల మగ్గం
సంఘం నిలబడ్డ కథ నేను చెప్తా. దానికంటే ముందు పాత ముచ్చట. 1921 చీరాల-పేరాల. మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే మా తాతల కాలం వాళ్ళు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరే ఖాళీ చేసి పొలిమేర అవతల రామనగరం అని పాకలేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఊరు లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? రాజ్యాంగం ఇంకా పుట్టనే లేదు, "మమ్మల్ని అడక్కుండా పన్ను వేస్తే ఒప్పుకోం" అనే సూత్రం మాత్రం ఆ పాకల్లో ఉంది.

ఒంగోలు గిత్త
చీరాల అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఈ చర్చలో మీకు సీటు లేదు అన్నా 😄

చీరాల మగ్గం
1970 నుంచి 2022 దాకా మీ జిల్లాకి జీడిపప్పూ చీరలూ పంపాం, ఆమాత్రం మాట్లాడనివ్వండి. కారంచేడు కూడా ఇప్పుడు బాపట్లే. మరి దాన్నీ వదిలేస్తారా?

నిర్వాహకుడు
ఉమ్మడి జిల్లాలు లెక్క. జిల్లాల పంపకాల గొడవకి వేరే దారం ఉంది, అక్కడ చూసుకోండి. కారంచేడు గురించి రాసేవాళ్ళు కులాల పేరుతో తిట్లు రాస్తే పోస్టు తీసేస్తాను.

చీరాల మగ్గం
తిట్లు లేవు, చూసింది రాస్తా. 1985 జులై 17. అంతకుముందు రోజు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర ఊళ్ళోని పెత్తందారీ కులం వాళ్ళు గేదెల్ని కడుగుతున్నారు, ఆ మురికి నీళ్ళల్లోకి పోతోంది. ఇదేంటని అడ్డుపడిన వాళ్ళలో మున్నంగి సువార్తమ్మ ఉంది. చర్నాకోలతో కొట్టబోతే బిందె ఎత్తింది. చేతిలో ఉన్నది అదే మరి. తెల్లారి ఊరు పల్లె మీద పడింది. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. నేనప్పుడు పదో తరగతి, మా వీధి నుంచి గంజి కేన్లు మోసుకెళ్ళేవాళ్ళం. అక్కడ పెద్ద ఏడుపులుంటాయని అనుకుని వెళ్ళాను. ఏడుపులు లేవు. పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, మాటాపలుకూ లేకుండా.

ఆ శిబిరం చుట్టూ లేచిందే దళిత మహాసభ. కత్తి పద్మారావు, బొజ్జా తారకం అప్పుడు ముందుకొచ్చిన పేర్లు. వాళ్ళు మళ్ళీ ఆ ఊరికి పోం అన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. నా లెక్కలో అది రామనగరానికి మనవడు. 1921లో ఊరు వదిలింది పన్ను మీద, 1985లో కులం మీద.

లా పాయింట్
మంచి పోలిక. దాని చట్టం వైపు నేను చెప్తాను. అంటరానితనం రద్దు అని 17వ అధికరణం 1950 నుంచే ఉంది. అంటరానితనాన్ని నేరం చేసిన 1955 చట్టమూ ఉంది. చంపినవాణ్ణి అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ కింద పట్టుకోవచ్చు, కానీ ఊరు ఊరంతా కులం పేరుతో మీద పడితే దానికి తగిన పేరు చట్టంలో లేదు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాకే ఆ పేరు వచ్చింది. ఒక్క కారంచేడు వల్లే వచ్చిందనడం అతిశయోక్తి, దేశంలో అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. కానీ కారంచేడు లేకుండా ఆ చట్టం కథ చెప్పలేం.

కేసు మాత్రం ఎంత కాలం నడిచిందో చూడండి. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరు. 23 ఏళ్ళు. 1991 చుండూరు దళితుల ఊచకోత కేసు ఇంకా ఘోరం. ఉద్యమం పట్టుబట్టి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంది, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. నల్లకోటు వేసుకునేవాణ్ణి, నేనే చెప్తున్నా, చట్టం తెచ్చుకున్నంత మాత్రాన ఇంట్లో దీపం వెలగదు.

మూలపేట మాస్టారు
నాకొక సందేహం, పెద్దవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్‌గారే అన్నారు కదా, ఇక రాజ్యాంగ మార్గాలు తెరుచుకున్నాక సత్యాగ్రహం, సహాయ నిరాకరణ లాంటివి వదిలెయ్యాలి, అవి అరాచకత్వపు వ్యాకరణం అని. మరి దోవకి అడ్డం కూర్చోవడాలు, వేలంపాటలు ఆపడాలు రాజ్యాంగాన్ని పెంచుతాయా, తెంచుతాయా?

ఉదయగిరి దుర్గం
శ్రీరాములుగారి దీక్ష కూడా ఆ లెక్కలోకే వస్తది మాస్టారూ. దాన్ని పొగిడి దీన్ని అడిగితే ఎట్టా?

మూలపేట మాస్టారు
బాగా పట్టుకున్నావు. అందుకే సందేహం అన్నాను.

చీరాల మగ్గం
ఆ అంబేద్కర్‌గారే 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు చేత్తో తాగారు, మాస్టారూ. అక్కడా చెరువే, కారంచేడులోనూ చెరువే. ఆయన షరతు "రాజ్యాంగ మార్గం తెరిచి ఉంటే" అని. సువార్తమ్మ ముందు ఏ తలుపు తెరిచి ఉంది? పోలీసు స్టేషనా?

లా పాయింట్
ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. తలుపు తెరిచే ఉంది, మెట్లే చాలా ఎత్తు. ఆ మెట్లన్నీ ఎక్కిన ఉద్యమం మన జిల్లాలోనే ఉంది. ఇంతసేపూ ఎవరూ పేరెత్తలేదు.

ఈదుమూడి అల్లుడు
నేనెత్తుతా. అత్తగారి ఊరు. 1994 జులై 7, నాగులుప్పలపాడు మండలం ఈదుమూడి. మంద కృష్ణతో కలిసి కొంతమంది కుర్రోళ్ళు దండోరా వేశారు. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి. పేరు చివర మాదిగ అని పెట్టుకోవడం అక్కడే మొదలైంది. మా మామ రెవెన్యూలో గుమాస్తా, ఆఫీసులో కులం దాచుకుని బతికినాడు. 1995లో బీరువా మీద పేరు మళ్ళీ రాయించుకున్నాడు, చివర మాదిగ అని. పెయింటరు "సార్, ఇది కూడా రాయాలా?" అని రెండుసార్లు అడిగాడంట.

అడిగింది ఒక్కటే. 15 శాతం ఎస్సీ రిజర్వేషన్‌లో ఎవరి జనాభాకి తగిన వాటా వాళ్ళకి.

లా పాయింట్
రాజ్యాంగం చదివే పిల్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. వరస చూడండి. ఈ వాటాల సంగతి చూడమని రాష్ట్రం వేసిన రామచంద్రరాజు కమిషన్ సిఫారసు. ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుంపులు, 1, 7, 6, 1 శాతాలు. 2000లో రాష్ట్ర చట్టం. 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. 341వ అధికరణం కింద రాష్ట్రపతి జాబితాలోని కులాలన్నీ కలిపి ఒకటే వర్గం, రాష్ట్రాలు విడగొట్టకూడదు అంది. వేరే ఉద్యమమైతే అక్కడితో జెండా మడిచేది. వీళ్ళు మడవలేదు. ఇలాంటి విభజన మీదే వచ్చిన పంజాబ్ కేసు, దవీందర్ సింగ్ కేసు, ఏడుగురి ధర్మాసనానికి వెళ్ళింది. 2024 ఆగస్టు 1న ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒక్కరు ఇంకోవైపు. చిన్నయ్య తీర్పు చెల్లదు, రాష్ట్రాలు విడగొట్టొచ్చు అన్నారు.

341లో అక్షరం మారలేదు. సమానత్వం అనే మాటకి అర్థం మారింది. దానికి పట్టింది 30 ఏళ్ళు.

ఇంకొల్లు పల్లె
నేను మాలపల్లె వాణ్ణి. ఇక్కడ అందరూ చప్పట్లు కొడుతున్నారు గనక ఇంకో గొంతు కూడా వినండి. కారంచేడప్పుడు రెండు పల్లెలూ ఒక్కటై చీరాల నడిచాయి, మా నాన్న నడిచాడు. దండోరా తర్వాత ఆ నడక లేదు. మా వైపు మాల మహానాడు, అటు దండోరా. రిజర్వేషన్ పోస్టులు నింపమని ప్రభుత్వాన్ని అడగాల్సిన నోళ్ళు ఒకరినొకరు తిట్టుకున్నాయి. సుప్రీంకోర్టుకి వెళ్ళింది మా వైపు వాళ్ళే, అదీ రాజ్యాంగ మార్గమే. వ్యాసంలో మమ్మల్ని విలన్లని చెయ్యొద్దని పాపకి చెప్పండి.

ఈదుమూడి అల్లుడు
అన్నా, మీ నాన్న నడిచిన దారిలో మా మామ కూడా నడిచాడు. ఇంట్లో అన్నదమ్ములు పొలం పంచుకున్నంత మాత్రాన శత్రువులు కారు గదా.

ఇంకొల్లు పల్లె
పంచుకునేటప్పుడు గట్టు కాడ మాటలు పడతాయి, అవి చాలా ఏళ్ళుంటాయి. అయినా 2025లో మన రాష్ట్రంలో మూడు గుంపులు చేసి వాటాలు పెట్టేశారు. 1, 6.5, 7.5 శాతం. ఇప్పుడు బ్యాక్‌లాగ్ పోస్టుల సంగతి ఇద్దరం కలిసి అడుగుదామంటే నేను రెడీ.

ఈదుమూడి అల్లుడు
నేనూ రెడీ. నెంబరు లోపల మెసేజ్ పెడతా.

ఒంగోలు గిత్త
నేను పాలపొంగు అన్నది వెనక్కి తీసుకుంటున్నా, సగం. దూబగుంటకీ ఈదుమూడికీ తేడా ఇప్పుడు కనబడతా ఉంది. అక్కడ ఆడోళ్ళు గెలిచి ఇంటికి పోయినారు, అడిగేవాళ్ళు లేక చట్టం నీరుగారింది. ఇక్కడ ఓడిపోయి కూడా ఇంటికి పోలా.

కలిగిరి కుర్రోడు
ఇంటికి పోక ఏం చేస్తారన్నా? తెల్లారితే కూలి. దండోరాకి గుమాస్తాలు, టీచర్లు, చందాలు ఉన్నాయి. మా అమ్మోళ్ళకి లాంతరులో కిరసనాయిలు కూడా ఎవురో పొయ్యాల.

కందుకూరు రమ
ఈ మాట పాప వ్యాసంలో ఉండాలి. ఉండి తీరాలి.

పెన్నాగట్టు
రెండు రోజులు చూడలా, ఇంత జరిగిందా! పాపకి అంతా చదివి వినిపించినా. చిలీని ఒక పేరాకి కుదించింది. ఇప్పుడామె అడిగేది, "మామా, తీర్పులు నాకు దొరుకుతాయి. ఆ అర్జీ మీద సంతకం పెట్టినామెని చూడొచ్చా?" అని. కలిగిరి తమ్ముడూ, వీలవుతుందా? ఇబ్బంది అయితే వద్దు.

కలిగిరి కుర్రోడు
అడిగినా అన్నా. "నాతో ఏం పని, నాకు ఝ కూడా రాదు" అనింది. తర్వాత మళ్ళీ ఆమే ఫోన్ చేసి ఆదివారం పదింటికి రమ్మనమంది, అన్నం తినే పోవాలంట. పాపకి చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తే అమ్మ నోరు విప్పదు. నోటుబుక్కు తెచ్చుకోమను.